ఫెయిర్ చేసిన వాన

మా ఊరి హైస్కూలు గోడ మీద ఈ మధ్య ఒక బొమ్మ వేయించారు. గరాటు పట్టుకున్న ఒక అమ్మాయి, ఆమె పక్కన రెండు తెల్లటి ఎద్దులు, వెనక గడ్డి లారీ. ఆ అమ్మాయి నేనేనట. హెడ్మాస్టరు గారు పిలిచి, బడి సంచికకు ఒక పేజీ రాసివ్వమన్నారు. ఊరి పిల్లలు వాన లెక్క కట్టి, ఆఫీసుకు చూపించి, ఊరికి గడ్డి తెచ్చిన కథ, పిల్లలకు ఉత్సాహం వచ్చేలా ఉండాలన్నారు.

మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ ఎద్దుల దగ్గర ఆగిపోయాను. గడ్డి లారీ వచ్చిన రోజుకు మా కొట్టంలో ఎద్దులు లేవు. మాకున్నవి తెల్లవీ కావు. ఒకటి బూడిద రంగు, ఒకటి కొమ్ము వంకరది. ఆ బొమ్మ కింద కూర్చుని అన్నం తినే పిల్లలు, లెక్క కట్టగానే లారీ వస్తుందని అనుకుంటారు. రేపు వాళ్లేదో కొలుస్తారు, లారీ రాదు, కొలవడం మానేస్తారు. నాకు ఇప్పుడు ఉత్సాహం పుట్టించే ఓపిక లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలి, అంతే. అందుకే ఒక పేజీ అడిగిన చోట ఇన్ని పేజీలు రాస్తున్నాను.

నేను పదో తరగతి లెక్కల్లో తప్పాను. మళ్లీ పరీక్ష ఫీజు కట్టలేదు. మా ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో మండల కేంద్రం, అందులో శాఖా గ్రంథాలయం. ఒక గది, రెండు బల్లలు, మూడు బీరువాలు. మూడో బీరువా తాళంచెవి ఎప్పుడో పోయింది. సైన్సు పుస్తకాలన్నీ అందులోనే. నేను రోజూ వెళ్లి ఆ అద్దంలోంచి అట్టలు చూస్తూ ఉంటే, ఒకరోజు గ్రంథపాలకుడు స్క్రూడ్రైవరు తెచ్చి, తలుపు బందులు ఊడదీసి, తలుపును గోడకు ఆనించాడు. "చదువుకోమ్మా. ఐదు గంటలకు మళ్లా బిగిస్తా" అన్నాడు. రెండేళ్ల పాటు ఆయన తలుపు ఊడదీశాడు, బిగించాడు. ఆ బీరువాలో ఉన్న పుస్తకాలన్నీ నేను చదివాను. ఇది గొప్పకే చెబుతున్నాను. కాలేజీకి పోయిన వాళ్లు కూడా అన్ని చదివి ఉండరు.

వాతావరణం గురించిన పుస్తకంలో వానమాపకం బొమ్మ ఉంది. నిటారు గోడల పాత్ర ఒకటి, పైన గరాటు ఒకటి ఉంటే చాలు. గోడలకూ చెట్లకూ దూరంగా పెట్టాలి. ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు చూడాలి. అది చదివినప్పుడు నాకు మా ఊరే గుర్తొచ్చింది. రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలి ఏళ్లలో వాన మా దిక్కు రావడమే మరిచింది. చిలమత్తూరు దిక్కున మబ్బు పట్టేది, తనకల్లు దిక్కున ఉరిమేది, మా పొలాల మీదికి వచ్చేసరికి గాలి మాత్రం మిగిలేది. మండలంలో వానమాపకం ఒక్కటే, మండలాఫీసు ఆవరణలో. అక్కడ కురిస్తే మాకూ కురిసినట్టే రాస్తారు. ఊరికొక కొలత ఉంటే ఈ తప్పు పోతుందనిపించింది.

మేం ముగ్గురం. నేను, మా చిన్నాయన కూతురు, సైకిల్ షాపు అన్న. చెల్లెలు అప్పుడు పదో తరగతి. సైకిల్ షాపు అన్న ఇంటర్ రెండుసార్లు తప్పి, పంక్చర్లు వేసుకుంటున్నాడు. రేకు కత్తిరించి గరాటు చేసింది ఆయనే. దాన్ని ఒక వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా మీద బిగించి, రచ్చబండకు దూరంగా, ఖాళీ కళ్లం మధ్యలో రాళ్లు పేర్చి నిలబెట్టాం. చూడటానికి సగం ఊరు వచ్చింది.

మా వీధి చివరి అవ్వ చుట్టూ తిరిగి చూసి, "ఏంమే ఇది, పీనాసి చెంబు. ఆకాశం ఉమ్మినా లెక్క రాస్తారా?" అంది.

"నువ్వు ఉమ్మినా రాస్తాది అవ్వా. కొంచెం దూరం నిలబడు" అన్నాడు సైకిల్ షాపు అన్న.

మా నాయన మాత్రం నవ్వలేదు. "కొలిస్తే పడుతుందా మే వాన?" అని అడిగాడు.

"పడదు నాయనా. పడింది ఎంతో తెలుస్తాది."

"అది నా మడమకే తెలుస్తాది కదా" అని వెళ్లిపోయాడు.

ఆ మాట నిజమని తెలియడానికి నెల పట్టింది. గరాటు మూతి డబ్బా కంటే రెండింతలు వెడల్పు. కాబట్టి డబ్బాలో నీళ్ల ఎత్తును రెండుతో భాగించి రాస్తున్నాం. ఒకరోజు సన్నని తుంపర పడితే మా పుస్తకంలో పద్దెనిమిది మిల్లీమీటర్లు వచ్చింది. పద్దెనిమిది అంటే మంచి వాన. నాయన ఆ ఉదయం చేలోకి పోయి, మడమతో దుక్కిని ఒకసారి తొక్కి, పిడికెడు మన్ను తీసి ముద్ద చేసి కిందికి వదిలాడు. ముద్ద పొడిపొడిగా రాలిపోయింది. "దుమ్ము అణిగింది, అంతే. పదును కాలేదు" అన్నాడు. పదును అంటే విత్తనం వేయడానికి సరిపోయేంత తేమ. మా దగ్గర వానకు ఉన్న కొలత అదే.

నేను పుస్తకం వైపు నిలబడి వాదించాను. వృత్త వైశాల్యం సూత్రం నాకు నోటికి వచ్చు. అది చెప్పాను కూడా. చెల్లెలు ఇంట్లోంచి రెండు పళ్లేలు తెచ్చింది. ఒకటి ఇంకోదానికి రెండింతలు వెడల్పు. చిన్న పళ్లెం నిండా చెనిక్కాయ, అదే వేరుశనగ, గింజలు ఒకే పొరగా పరిచి, వాటిని పెద్ద పళ్లెంలోకి వంచింది. పెద్ద పళ్లెం నిండటానికి చిన్న పళ్లేలు నాలుగు పట్టాయి.

"అక్కా, రెండు కాదు. నాలుగుతో భాగించల్ల" అంది.

నా నోట్లో ఉన్న సూత్రంలోనే ఆ నాలుగు ఉంది. నేను దాన్ని చదివాను, చెల్లెలు చూసింది. ఆ తేడా నాకు అప్పుడే అర్థమై ఉంటే బాగుండేది. అప్పటికి మాత్రం నెల రోజుల లెక్కలన్నీ అడ్డగీత కొట్టి పక్కన సరి చేసి రాశాం, అంతటితో సరిపెట్టుకున్నాను.

అప్పటి నుంచి పుస్తకంలో ఇంకో గడి గీశాం. ఒక గడిలో మిల్లీమీటర్లు, పక్క గడిలో నాయన మాట. రోజూ ఉదయం చెల్లెలు వెళ్లి అడిగేది, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసేది. దుమ్ము అణిగింది. చూరు కారింది. అర పదును. పదును. వంక పారింది, అంటే వాగు పారింది, అనే మాట ఆ పుస్తకంలో ఒక్కసారే ఉంది. ఏమీ పడని రోజున కూడా ఆయన ఏదో ఒకటి చెప్పేవాడు. "ఈ పొద్దు గూడా మబ్బుకు మా ఊరు దోవ తెలీలేదు" అని ఒక రోజు. "ఏం పాపా, దినామూ ఇదే అడుగుతావే, నీకు బడి లేదా" అని ఒక రోజు. దాన్ని కూడా చెల్లెలు ఆ గడిలోనే రాసింది.

నేను వాళ్లకు ఒకే నియమం పెట్టాను. గ్రంథాలయంలో చదివిందే. కళ్లకు కనపడింది రాయాలి, మనకు తెలిసింది రాయకూడదు.

ఆ ఏడు చెనిక్కాయ విత్తే కాలమంతా ఎండిపోయింది. మండలాఫీసు దగ్గర మాత్రం ఒక సాయంత్రం గంటసేపు దంచి కొట్టింది. ఆ ఒక్క వానతో మండలం మొత్తానికి వాన పడినట్టు లెక్క తేలి, గడ్డి డిపోలు పెట్టే మండలాల జాబితాలోంచి మాది పోయింది. చుట్టూ ఉన్న మండలాలకు కోస్తా నుంచి వరిగడ్డి లారీలు వస్తున్నాయి. మా ఊళ్లో గడ్డివాములు ఎప్పుడో ఖాళీ అయ్యాయి. మా నాయన కొట్టం మీద కప్పిన బోదగడ్డిని ఒక పక్క నుంచి పెరికి ఎద్దులకు వేస్తున్నాడు. ఎండ కొట్టం లోపలికి రోజుకు జానెడు చొప్పున వచ్చేది.

"కప్పు అయిపోయేలోపల గడ్డి వస్తే ఉంటాయి. లేదంటే సంతకే" అన్నాడు నాయన. సంతలో అప్పుడు ఎద్దుల్ని కొనేవాళ్లు సేద్యానికి కొనడం లేదు. లారీలకు ఎక్కిస్తున్నారు. అది ఆయన నోటితో అనలేదు, మేమూ అనలేదు.

మండలాఫీసులో వాన లెక్కలు రాసే అధికారి ఉన్నాడు. ఆయనను అందరూ లెక్కల సారు అంటారు. మా ఊరికి వాన పడలేదని ఆయన నమ్మి రాస్తే, పక్క మండలం డిపో నుంచి మాకు లారీ పంపే వీలుందని గ్రంథపాలకుడు కనుక్కుని చెప్పాడు. మా దగ్గర పుస్తకం ఉంది. ఏడాదికి పైగా ఒక్క రోజు తప్పకుండా రాసిన పుస్తకం. ఇంకేం కావాలి అనుకున్నాను.

ఆ వారంలోనే నేను కదిరి గ్రంథాలయంలో ఒక పుస్తకం చూడటానికి పోయి, మేనత్త ఇంట్లో రెండు రోజులు ఉన్నాను. బస్సు దిగి నడిచి వస్తే మోకాళ్ల దాకా దుమ్ము. నేరుగా చెల్లెలి దగ్గరికి పోయి పుస్తకం తెరిచాను. ముందు రోజు తేదీకి ఎదురుగా ముప్పై ఒక్క మిల్లీమీటర్లు అని ఉంది.

"వాన యాడ పడింది మే?"

"పడలేదక్కా."

"మరి ముప్పై ఒకటి ఏంది?"

"కప్పతల్లి నీళ్లు. అవ్వోళ్లు పోసినారు. నేనూ ఉంటి."

వానలు రాకపోతే మా దగ్గర రోకలికి వేపాకులు చుట్టి, తడిబట్టలో కప్పను కట్టి ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇంటి ఇల్లాలూ దాని మీద చెంబెడు నీళ్లు పోస్తుంది. ఆ రోజు ఊరేగింపు కళ్లం దాకా వచ్చి మా వానమాపకం ముందు ఆగిందట. కప్ప మీద పోసినట్టే దాని మీదా పోశారట.

"నువ్వు ఆడనే ఉండి ఎట్ల రాసినావు?"

"నువ్వే కదా చెప్పింది. కండ్లకు కనపడింది రాయల్ల, తెలిసింది రాయగూడదని. పొద్దున్నే చూస్తే ముప్పై ఒకటి కనపడింది. రాసినా."

అవ్వ దగ్గరికి పోయి అడిగాను. ఆమెకు కోపం వచ్చింది.

"కప్పకు పోసి దానికి పోయకుంటే ఎట్లమ్మా? వాన ముందు దిగేది ఆ చెంబులోకే అని నువ్వే అంటివి. ఏడాది నుంచి నోరు తెరుచుకోని నిలబడి ఉండాది. దానికి గూడా దప్పిక అవుతాది. నేను తాగే నీళ్లే రెండు చెంబులు పోసినా."

ట్యాంకరు రెండు రోజులకొకసారి వచ్చే కాలం. రెండు చెంబులంటే ఆమెకు ఒక పూట నీళ్లు.

ఆ సాయంత్రం నేను చేయవలసింది సరిగానే చేశాను. ముప్పై ఒకటి మీద ఒక్క గీత కొట్టించాను. పక్కన చెల్లెలి చేతే రాయించాను: "కప్పతల్లి నీళ్లు. రెండు చెంబులు. వాన కాదు." నాయన మాట గడిలో ఆ రోజుది అప్పటికే ఉంది: "వానా? యాడ? దుమ్మే."

తప్పు తర్వాత చేశాను. ఆఫీసుకు తీసుకుపోయే ముందు పుస్తకం మొత్తం తిరగేసి చూస్తే నాకు సిగ్గేసింది. మొదటి నెలంతా కొట్టివేతలు. ఒక పేజీ మీద టీ గ్లాసు గుండ్రం. సైకిల్ షాపు అన్న చూసిన రోజుల్లో నల్లటి వేలిముద్రలు. మధ్యలో కప్ప. సైన్సు పుస్తకంలో కప్పకు ఊరేగింపు జరిగిందని ఒక అధికారికి ఎలా చూపించాలి? మూఢనమ్మకాల మీద నేను చదివిన పుస్తకాలు ఎన్ని. బడిలో మాకు రెండు రకాల నోటుపుస్తకాలు ఉండేవి. రఫ్ పుస్తకంలో తప్పులు చేస్తాం, ఫెయిర్ పుస్తకంలో అందంగా ఎత్తి రాస్తాం, సారుకు చూపించేది ఫెయిర్. మంచి విద్యార్థికి గుర్తు ఫెయిర్ పుస్తకం. పదిలో తప్పినా ఆ గుర్తు నాకు ఉండేది.

రెండు పగళ్లు కూర్చుని మొత్తం కొత్త పుస్తకంలోకి ఎత్తి రాశాను. స్కేలు పెట్టి గీతలు, ఎర్ర సిరాతో నెలల పేర్లు. తప్పు లెక్కలు తీసేసి సరైనవే రాశాను. కప్ప రోజున సున్నా పెట్టాను. సున్నా అబద్ధం కాదు కదా అనుకున్నాను. నాయన గడి తీసేశాను. మిల్లీమీటర్ల పక్కన "మబ్బుకు దోవ తెలీలేదు" ఎందుకు?

చెల్లెలు పక్కన కూర్చుని చూసింది. "పాతది గూడా ఎత్తుకోని పో అక్కా" అంది.

"అది రఫ్ మే" అన్నాను.

సోమవారం లెక్కల సారు ముందు నిలబడ్డాను. ఆయన వేరే జిల్లా మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. పేజీలు తిప్పాడు. మొదటిదీ, మధ్యదీ, చివరిదీ.

"అక్షరాలు బాగున్నాయమ్మా. ఎన్ని రోజుల్లో రాశావు?"

"ఏడాది పైన సార్. దినామూ చూసి రాసినాం."

"చూసింది ఏడాది కావచ్చు. రాసింది ఎన్ని రోజుల్లో?"

ఆయన వేలితో ఒక పేజీ పైనుంచి కిందికి చూపించాడు.

"ఒకటే పెన్ను. ఒకటే చెయ్యి. ఏడాదిలో ఒక్క పొరపాటు లేదు, ఒక్క రోజు ఎవరూ మర్చిపోలేదు. ఇంత శుభ్రమైన రిజిస్టరు ఎలా తయారవుతుందో నాకు తెలుసమ్మా. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను." పుస్తకం మూసి నా వైపు జరిపాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

అక్కడ నేను "ఇంకో పుస్తకం ఉంది సార్" అంటే సరిపోయేది. నాలుగు కిలోమీటర్లు, పోయి తెచ్చేదాన్ని. అనలేదు. అబద్ధాలరాయుడిని చూసినట్టు ఒకరు నన్ను చూశారు, అదీ చదువు విషయంలో. ఆ మంటలో ఇంటికి వచ్చాను.

నాయన కొట్టం మీద ఉన్నాడు, బోద పెరుకుతూ. పై నుంచే అడిగాడు.

"ఏమన్నాడు మే ఆ సారు?"

"చూస్తామన్నాడు నాయనా."

"ఎప్పుడు?"

"రేపో ఎల్లుండో."

మంగళ, బుధ, గురువారాలు నేను ఎవరికీ నిజం చెప్పలేదు. నాయన రోజూ ఒక్కసారి అడిగేవాడు, నేను అదే జవాబు చెప్పేదాన్ని. ఎద్దులు గాటి దగ్గర నిలబడి, నేను అటువైపు పోతే తల తిప్పి చూసేవి. వంకర కొమ్ముది లేచి నిలబడటానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వస్తోంది. గురువారం సాయంత్రం చెల్లెలు వచ్చి సూటిగా అడిగింది.

"సారు నమ్మలేదు కదా?"

"నీకెవరు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలే. నువ్వు మూడు దినాల నుంచి లైబ్రరీకి పోలేదు."

అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. ఇంట్లోకి పోయి పాత పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

శుక్రవారం తెల్లారే పోయాను. లెక్కల సారు జిల్లా మీటింగుకు పోయాడు, సోమవారం గాని రాడన్నారు. సాయంత్రం దాకా మెట్ల మీద కూర్చుని వచ్చేశాను. కొట్టం మీద బోద ఇంక ఒక మూలనే మిగిలింది. నాయన పగ్గాలు పేనుతున్నాడు. కొత్త పగ్గాలు ఎందుకో తెలుసు. పాత పగ్గాలతో సంతకు తోలుకుపోరు.

"ఒక్క మాట చెప్పు పాపా. గడ్డి వస్తాదా, రాదా?"

"తెలీదు నాయనా" అన్నాను. ఐదు రోజుల్లో ఆయనతో నేను చెప్పిన మొదటి నిజం.

"తెలీదా. అయితే అట్లనే రాసుకో పుస్తకంలో." పగ్గం ముడి బిగించి, "కడుపు నింపలేనోడు కట్టేసుకోకూడదు మే" అన్నాడు.

శనివారం ఆయన వాటిని తోలుకుపోయాడు. వంకర కొమ్ముది వీధి మలుపులో ఆగింది, ప్రతి రోజూ కుడికి తిరిగి చేలోకి పోవాలి కాబట్టి. నాయన దాన్ని ఎడమకు తిప్పడానికి చాలాసేపు పట్టింది. కొట్టలేదు. మెడ మీద చెయ్యి వేసి ఏదో చెబుతూ నిలబడ్డాడు.

సోమవారం పాత పుస్తకం పట్టుకుని మళ్లీ పోయాను. చెల్లెలిని వెంట తీసుకుపోయాను. లెక్కల సారు మొదట విసుగ్గానే తెరిచాడు. మొదటి నెల కొట్టివేతల దగ్గర ఆగాడు. రెండుతో ఎందుకు భాగించారు, నాలుగు ఎలా తెలిసింది అని అడిగాడు. చెల్లెలు పళ్లేల సంగతి చెప్పింది. తర్వాత ఆయన మిల్లీమీటర్లు చూడటం మానేసి నాయన గడి చదవడం మొదలుపెట్టాడు. పైకి చదివాడు. పక్క బల్ల మీది గుమాస్తా కూడా వచ్చి నిలబడ్డాడు. కప్ప దగ్గరికి వచ్చాక ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"రెండు చెంబులు ముప్పై ఒక్క మిల్లీమీటర్లా?"

"మా గరాటుకు అంతే వస్తాది సార్" అంది చెల్లెలు. "పోసి చూపిస్తాం, రాండి."

ఆయన ఆ మధ్యాహ్నమే స్కూటరు మీద మా ఊరికి వచ్చాడు. కళ్లంలో వానమాపకం చుట్టూ తిరిగి, గోడలకు దూరం అడుగులతో కొలిచి, పరీక్షకు కొంచెం నీళ్లు తెమ్మన్నాడు. అవ్వ చెంబు చీర చెంగు వెనక దాచుకుంది.

"ఎన్నిసార్లు పోయల్ల సామీ దానికి? కప్పకు పోసినాం, చెంబుకు పోసినాం, ఇప్పుడు ఆఫీసుకు గూడా పోయల్లనా?"

చివరికి ఒక్క చెంబు ఇచ్చింది. పోసి చూస్తే పదిహేను మీద ఒక గీత. సారు తన పుస్తకంలో రాసుకున్నాడు. వెళ్లేటప్పుడు నాతో, "ఇది ముందే ఎందుకు తేలేదమ్మా?" అన్నాడు.

"అది రఫ్ సార్" అన్నాను.

లారీ ఆ తర్వాత వారం దాటాక వచ్చింది. వరిగడ్డి. మా ఊరి పశువులకు అలవాటు లేదు, మొదటి రోజు వాసన చూసి ముఖం తిప్పుకున్నాయి, రెండో రోజు తిన్నాయి. ఊళ్లో మిగిలిన ఎద్దులు, ఎనుములు ఆ గడ్డితో గట్టెక్కాయి. అది నిజం, గోడ మీద బొమ్మలో ఆ భాగం తప్పు కాదు. మా నాయన రోజంతా నిలబడి మోపులు దించాడు. మా ఇంటి వంతు వచ్చినప్పుడు, "మాకెందుకు, పక్కోళ్లకు వెయ్యండి" అన్నాడు. మరునాడు చెల్లెలు మామూలుగా వెళ్లి ఈ పొద్దు మాట ఏంది పెదనాయనా అని అడిగితే, "గడ్డి మంచిదే" అన్నాడు. ఆ గడిలో అదే ఉంది.

వాన చివరికి, విత్తే కాలం దాటిపోయాక, ఒక రాత్రంతా పడింది. ఉలవలైనా చల్లుకోవచ్చు. పొద్దున నలభై రెండు మిల్లీమీటర్లు. నాయన మడమతో తొక్కాడు, మన్ను ముద్ద చేసి వదిలాడు. ముద్ద పగలలేదు.

పుస్తకంలో ఆ రోజు మాట: "పదునే. కాడి లేదు."

ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఫెయిర్ పుస్తకం కూడా ఉంది, దాన్ని చింపలేదు. కొన్నేళ్లకు ప్రభుత్వం కళ్లం పక్కనే ఒక స్తంభం నాటి, దానంతట అదే వాన కొలిచే యంత్రం పెట్టింది. మాకు పని లేకుండా పోయింది. దానిలో ఒకే గడి.

ఇది రాస్తూ ఒక విషయం తేల్చుకోవాల్సి వచ్చింది. ఆ మూడు రోజుల సంగతి నాయనకు నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకు చదువు రాదు, అచ్చయినా ఆయనకు తెలియదు. అయినా నిన్న మధ్యాహ్నం కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. విని ఆకు వక్క నోట్లో పెట్టుకున్నాడు.

"తెలుసు మే" అన్నాడు. "ఆ మూడు దినాలు నువ్వు అన్నం సగమే తింటివి. సారు చూస్తామన్న ఇంట్లో అట్ల తినరు."

"మరి అడగలేదే నాయనా?"

"నీ నోటితో వస్తాదేమో అని చూస్తి."

ఆ తర్వాత, వంకర కొమ్ముది ఏ వైపు వంకరో రాసినావా అని అడిగాడు. రాయలేదన్నాను. ఎడమ వైపు. రాస్తున్నాను.

పేర్లు రాయవద్దని చెల్లెలు అంది, కాబట్టి వరసలతోనే కృతజ్ఞతలు. తాళంచెవి లేని బీరువా తలుపును రెండేళ్లు ఊడదీసి బిగించిన గ్రంథపాలకుడికి. గరాటు చేసిన సైకిల్ షాపు అన్నకు. ఆయన ఇప్పుడు బెంగళూరులో ఒక కంపెనీ గేటు దగ్గర కూర్చుంటాడు, వాన పడితే ఫోన్ చేసి ఎంత అని అడుగుతాడు. పాలిటెక్నిక్ చదివి, ఇప్పుడు అలాంటి స్తంభాలు చెడిపోతే బాగు చేయడానికి మడకశిర దాకా బస్సుల్లో తిరిగే నా చెల్లెలికి. ఆమె సంచిలో ఇప్పటికీ రెండు పళ్లేలు ఉంటాయి, బడుల్లో పిల్లలకు చూపించడానికి. రఫ్ పుస్తకం చదవడం తెలిసిన లెక్కల సారుకు. తాగే నీళ్లు మూడు చెంబులు మా డబ్బాలో పోసిన అవ్వకు. ఆమె ఇప్పుడు లేదు. ప్రతి ఉదయం ఒక మాట ఇచ్చిన మా నాయనకు.

హెడ్మాస్టరు గారికి కూడా. ఈ కాగితాల్లో కొట్టివేతలు ఉన్నాయి. ఎత్తి రాయలేదు. అలాగే తీసుకోమని మనవి.